సూట్‌కేసులో బార్లీ

సింగపూర్‌లో తెలుగు మగవాళ్ళకి ఆ విషయాలు తెలుగులో, మైకు పట్టుకుని, తల దించుకోకుండా చెప్పిన మొట్టమొదటి మనిషిని నేనే. మూడు వందల మంది కూర్చున్న హాలు. నేను మాట్లాడుతున్నంతసేపూ ఫ్యాను రెక్కల చప్పుడు తప్ప మరొకటి లేదు. అయిపోయాక అందరూ లేచి చప్పట్లు కొట్టారు. ఒకాయన నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. మొన్న బిషాన్‌లో మా అమ్మాయి ఇంట్లో అన్నం తింటూ చెప్పిన మాటలివి, చెప్పినవి చెప్పినట్టే రాశాను. ఇందులో ఎంత నిజమో ఇది అయ్యేలోపు నేనే ఒప్పుకుంటాను. నా అలవాటు తెలిసినవాళ్ళు ఈపాటికే మూడు వందల్లోంచి ఒక సున్నా కొట్టేసి ఉంటారు.

అసలు ఆ మాట ఎందుకు వచ్చిందంటే, మా అమ్మాయి సాహితి ఇక్కడ స్కూల్లో టీచరు. ఎదిగే పిల్లలకి వాళ్ళ ఒంటి గురించి పాఠం చెప్పే పని ఈ ఏడు దాని మీద పడింది. భోజనాల బల్ల మీద లాప్‌టాప్ తెరిచి, పక్కన పప్పుగిన్నె పెట్టుకుని, బొమ్మలు అటూ ఇటూ జరుపుతోంది. బల్లకి అవతల మా అక్క కూర్చుని గోరుచిక్కుళ్ళకి ఈనెలు తీస్తోంది. అక్క ఈ ఊరు రావడం ఇదే మొదలు. మా బావ ఇక్కడ ఎన్నో ఏళ్ళు ఉద్యోగం చేశాడు, ఇక్కడి నుంచి సెంట్లు పంపాడు, చీరలు పంపాడు, ఆవిణ్ణి మాత్రం ఒక్కసారీ తీసుకురాలేదు. ఆయన పోయి సంవత్సరీకం అయ్యాక, నేను ఒంగోలు వెళ్ళి, పట్టుబట్టి వెంటబెట్టుకొచ్చాను.

"నాన్నా, ఈ స్లైడ్ చూడు. పుస్తకంలో మాట చెప్తే పిల్లలకి అది సైన్సు లాగా ఉంటుంది, వాళ్ళ బాడీ అనుకోరు. చైనీస్ ఇంట్లో ఒక మాట, మలయ్ ఇంట్లో ఒక మాట. మనింట్లో అయితే మాటే లేదు" అంది సాహితి.

"పెద్దత్త ముందు ఏం మాటలే అవి" అన్నాను.

"రిలాక్స్ లా, నాన్నా. అత్త నీకంటే కూల్. నీకెవరు చెప్పారు ఇవన్నీ, చిన్నప్పుడు?" అంది, ఈ ఊరి వాళ్ళలా మాట చివర "లా" తగిలించి.

"నాకొకరు చెప్పేదేమిటి? నేనే ఈ దేశంలో మూడు వందల మందికి చెప్పాను" అని మొదలుపెట్టాను. అక్క తల ఎత్తలేదు. ఈనెలు తీస్తూనే ఉంది.

మా ఇంట్లో ఇలాంటి సంగతులు చెప్పే తీరు వేరు. అక్క నాకంటే మూడేళ్ళు పెద్ద. ఒకరోజు నేను బడి నుంచి వచ్చేసరికి వెనక వరండాలో చాప మీద, చెంబూ కంచమూ విడిగా పెట్టుకుని కూర్చుని ఉంది. ఏమైందే అంటే అమ్మ వంటింట్లోంచే "దాన్ని కాకి ముట్టింది, నువ్వు దగ్గరికి పోమాక" అంది. ఆ సాయంత్రమంతా నేను జేబుల్నిండా గులకరాళ్ళు పోసుకుని దొడ్లో కాకుల్ని తరిమాను. మా అక్కని ముట్టిన కాకి ఏదో తేల్చకుండా అన్నానికి రానని మొండికేశాను. అక్క చాప మీద నుంచి చూసి పకపకా నవ్వింది. దానికి అంతా తెలుసు కాబట్టే నవ్వుతోందనుకున్నాను. దానికి కూడా అమ్మ చెప్పింది ఆ కాకి ఒక్కటేనని, తన ఒంటికి ఏదో నయంకాని జబ్బు చేసిందని దిండులో మొహం పెట్టి ఏడ్చిందని, ఇద్దరికీ జుట్టు నెరిశాక చెప్పింది. మా నాన్న అయితే ఆ మూడు రోజులూ దగ్గుతూ ఇంట్లోకి వచ్చి దగ్గుతూ బయటికి వెళ్ళేవాడు. మా ఇంట్లో మగవాళ్ళ వంతు చదువు ఆ దగ్గే.

అందుకే వెంకటరత్నం బావ మా ఇంటి అల్లుడిగా వచ్చినప్పుడు నాకు లోకమంతా తెలిసిన మనిషి దొరికినట్టయింది. పెళ్ళి పందిట్లో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తిన్నాడు. అప్పటికే ఓడలు కట్టే యార్డుల్లో పనిచేసి నాలుగు రేవులు చూసినవాడు. ఆ తర్వాత కొన్నేళ్ళకి, కంప్యూటర్లకి రెండువేల సంవత్సరం వస్తోందని ప్రపంచమంతా బెంబేలు పడే రోజులు వచ్చాయి. అమీర్‌పేటలో కోర్సు చేసిన ప్రతివాడూ విమానం ఎక్కుతున్నాడు. నాకు పాత యంత్రాల భాష వచ్చు. భార్యనీ పసిపిల్లనీ ఒంగోల్లో వదిలి నేనూ ఎక్కాను. సింగపూర్‌లో కన్సల్టెంటుని చూసిపెట్టింది బావ. యూ టీ అనే పేటలో తాను ఉండే ఫ్లాట్‌లో నాకు పరుపు వేసింది బావ. విమానాశ్రయంలో నా పెట్టె లాక్కుని తను మోసింది బావ.

ఆ ఫ్లాట్‌లో ఐదుగురం మగవాళ్ళం. కిటికీ బయట వెదురు గడల మీద మా లుంగీలు జెండాల్లాగా ఎగిరేవి. తాలింపు వేసినప్పుడల్లా పక్కింటి చైనా అవ్వ తలుపు ధడేల్మని మూసేది, అరగంటకి మళ్ళీ తెరిచి కరివేపాకు అడిగి పుచ్చుకునేది. బావ అందరికంటే ముందు లేచేవాడు. కిటికీ ఊచలకి చిన్న అద్దం తగిలించి గడ్డం గీసుకునేవాడు. సాయంత్రం వచ్చాక తన డ్యూటీ బట్టలు వేరే బకెట్లో నానబెట్టేవాడు. ఆ బకెట్టులోంచి మాడిన ఇనుమూ డీజిలూ కలిసిన వాసన వచ్చేది, కొబ్బరినూనె వాసన ఒక్కటే దాన్ని మింగేది. ఆదివారం కోడికూర ఆయనే వండేవాడు. అందరికీ వడ్డించాక తను కూర్చునేవాడు. ఎవరి కంచంలో ఏది అయిపోయిందో ఆయనకి తల తిప్పకుండా తెలిసేది. టై కట్టుకోవడం నేర్పింది ఆయనే. నాకు సొంత అన్న లేడు. ఉన్నా అంత చేసి ఉండడని అప్పట్లో అనుకునేవాణ్ణి.

ఆయన దగ్గర రోగాలన్నిటికీ ఒకటే పేరు, వేడి. కళ్ళు మండితే వేడి. నోరు పూస్తే వేడి. నిద్ర పట్టకపోతే వేడి. ఇక మూత్రంలో మంటంటే చెప్పేదేముంది. యార్డులో ఆయన కింద పనిచేసే మనవాళ్ళు, కరీంనగర్ వైపు వాళ్ళూ శ్రీకాకుళం వైపు వాళ్ళూ, ఆదివారాలు వచ్చి గుమ్మంలో నిలబడి గొంతు తగ్గించి "సార్, వేడి చేసింది" అనేవాళ్ళు. ఆయన ఇంకేమీ అడిగేవాడు కాదు. బార్లీ కాచి తాగు, సబ్జా నానబెట్టుకో, మజ్జిగ పోసుకో, మామిడిపండు మానెయ్. వాళ్ళు ఎక్కడికి వెళ్ళొచ్చారో ఆయన అడగకపోవడమే పెద్దరికం అనుకునేవాళ్ళు. ఈ ఊరు కూడా ఆయన మాటకే వంత పాడింది. తిండికొట్లన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్‌లో గొంతు బొంగురుపోయిందంటే చాలు, పానీయాలమ్మే ముసలావిడ "హీటీ, హీటీ" అని చల్లని బార్లీ గ్లాసు చేతిలో పెట్టేది. మార్కెట్ పక్కన చైనా మందుల కొట్టు తాతదీ అదే మాట. ఒంగోలూ చైనా ఒక్కటై చెబుతుంటే కాదనడానికి నేనెవర్ని?

ఒక వానాకాలం బావకే వేడి చేసింది. బాత్‌రూమ్ తలుపు వెనక ఆయన పంటి బిగువున మూలగడం నాకు వినబడేది. ఆఫీసుకు వెళ్ళేముందు నేనే బార్లీ కాచేవాణ్ణి. ఉడుకుతున్న బార్లీ వాసన చొక్కాలకు పెట్టే గంజి వాసన లాంటిది, అందులో రుచీ లేదు, చేదూ లేదు. వడకట్టి, చల్లార్చి, చిటికెడు ఉప్పూ కాస్త నిమ్మరసమూ కలిపి స్టీలు గ్లాసులో ఇచ్చేవాణ్ణి. మంట తగ్గింది. బావ సెలవు పెట్టి ఒంగోలు వెళ్ళాడు. అక్కకి అప్పటికి పిల్లల్లేరు. ఆయన సెలవుకి వచ్చిన ప్రతిసారీ ఈసారైనా అని అమ్మ మొక్కుకునేది.

ఆయన తిరిగొచ్చిన కొద్దిరోజులకి మా ఫ్లాట్‌లో ఒక వింత జరిగింది. ఆదివారం బీరు వద్దన్నాడు. "కడుపులో గ్యాసురా" అన్నాడు. కళ్ళజోడు పెట్టెలో, అద్దాల కింద, రెండు రంగుల గొట్టం మాత్రలు ఉండేవి. అవి కూడా గ్యాసుకే అన్నాడు. నేను నమ్మాను. ఆయన చెప్తే నేను నమ్మనిది ఏముంది?

కొన్నాళ్ళకి ఫోనులో అక్క గొంతు నీరసంగా వినిపించింది. పొత్తికడుపులో నొప్పి, నడుం పట్టేస్తోందిరా అంది. వెంటనే అమ్మ ఫోను లాక్కుని "దానిది వేడి శరీరం, ఎప్పుడూ ఉండేదేలే" అంది. ఈ మాట బావకి చెప్పాను. ఆ వారంలో నేను సెలవు మీద ఇంటికి బయల్దేరుతున్నాను. బావ బార్లీ పొట్లాలు ఒక సంచీడు తెచ్చి నా సూట్‌కేసులో తానే సర్దాడు. "మీ అక్కకివ్వు. రోజూ కాచుకు తాగమను. నేను చెప్పానని చెప్పు" అన్నాడు. బరువు ఎక్కువైందని విమానాశ్రయంలో ఆపితే, నా కొత్త బూట్లు పెట్టెలోంచి తీసి చేత పట్టుకున్నాను గాని బార్లీ తియ్యలేదు. ఇంటికెళ్ళి ఆ సంగతి వీరగాథలా చెప్పాను. అక్క పొట్లం విప్పి గింజలు అరచేతిలో పోసుకుని కాసేపు చూసింది.

"మీ బావ ఇచ్చాడా?"

"ఆఁ."

"నువ్వు మోసుకొచ్చావా?"

"బూట్లు చేత్తో పట్టుకుని మరీ!"

ఆ సాయంత్రమే పొయ్యి మీద పెట్టింది. నేనున్నన్నాళ్ళూ నా ఎదురుగానే తాగేది.

ఇక ఆ మూడు వందల మంది సభ. వుడ్‌ల్యాండ్స్‌లో షమీమ్ ఆంటీ అని ఉండేది, హైదరాబాదావిడ, ఒక క్లినిక్‌లో నర్సు. ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు. తెలుగువాళ్ళు చాలామంది ఆలస్యంగా, అవస్థపడి క్లినిక్‌కి వస్తున్నారని, యార్డు పనివాళ్ళుండే డార్మిటరీలో ఒకసారి కూర్చోబెట్టి చెప్పాలని ఆవిడ పట్టుదల. ఒకరోజు మా ఫ్లాట్‌కి వచ్చి బావని అడిగింది. "రత్నం భాయ్, నేను ఆడదాన్ని. నేను చెప్తే అందరూ నేల చూస్తరు. మీ మాటంటే వాళ్ళకు గౌరవం. మీరు చెప్పుండ్రి."

"నాకు మైకు పడదు మేడం" అన్నాడు బావ. "మా బావమరిది ఉన్నాడుగా, చదువుకున్నోడు." నేను పొంగిపోయాను. ఇస్త్రీ చొక్కా, టై. ఆ టై ముడి కూడా బావే సరిచేశాడు.

డార్మిటరీ క్యాంటీన్‌లో ముప్పైమంది ఉన్నారేమో. కొందరు డ్యూటీ దిగి వచ్చి బల్లల మీద తలవాల్చి పడుకున్నారు. నా చేతిలో ఎవరో తెలుగు చేసిన కరపత్రం. దాన్ని నేను రేడియోలో వార్తలు చదివినట్టు చదివాను. జననేంద్రియములు, సంక్రమణము, సురక్షిత పద్ధతులు. ఆ జబ్బులకి అందులో సుఖవ్యాధులు అని పేరు. ఆ మాట దగ్గర ఒకడు కిసుక్కుమన్నాడు. వెనక నుంచి "అన్నా, వాతావరణం కూడా చెప్పు" అని కేక. చప్పట్లు మోగిన మాట నిజమే, అవి ఆ కేక వేసినవాడికి. నా చేతులు కళ్ళకద్దుకున్న మనిషి ఎవరూ లేడు. అది పూర్తిగా నా కల్పన.

అప్పుడు లింగయ్య అనే గ్రైండర్ పనివాడు లేచాడు. "గిదంత మాకెందుకన్నా? మాకు గసొంటి రోగాల్లేవు. అప్పుడప్పుడు వేడి జేస్తది, అంతే. రత్నం సార్ చెప్పినట్టు బార్లీ తాగుతం."

షమీమ్ ఆంటీ నా చేతిలోంచి మైకు తీసుకుంది. "అరె బాబా, మంచిగ చెప్పినవ్. ఆ కాగితం పక్కన పెడదం, వేడి గురించే మాట్లాడుదం. నీళ్ళు తక్కువ తాగి ఎండల పనిచేస్తే మంటైతది, నీళ్ళు తాగితే పోతది. అది వేడి. కానీ బయట ఎవరి దగ్గరకన్న పోయొచ్చినంక మంట మొదలైతే? చీము కనబడితే? అది వేడి కాదు. ఒకరి నుంచి ఒకరికి అంటే జబ్బు. బార్లీ తాగితే మంట తగ్గినట్టుంటది. జబ్బు లోపల్నే కూసుంటది."

ఎవరూ నవ్వలేదు. తలలు లేచాయి. "మరేం జెయ్యాలె ఆంటీ?" అన్నాడు లింగయ్య, గొంతు మారిపోయింది.

"డాక్టర్‌కు చూపెట్టాలె. దీనికి మందుంది, సిగ్గుపడి దాస్తెనే నష్టం. ఇచ్చిన గోలీలన్నీ మింగాలె, సగంల ఆపొద్దు. అన్ని రోజులు బీరు బంద్. పోతే కండోమ్ లేకుండ పోవద్దు. ఇంకో మాట. ఇంటికి పోయొస్తే ఇంట్ల ఆమెకు గూడ మందు ఇప్పియ్యాలె. ఆడోళ్ళకు మంట గింట తెల్వకనే పోవచ్చు. పొత్తికడుపు నొప్పంటరు, నడుం నొప్పంటరు. మీరేమో వేడి అంటరు. లోపల గొట్టాలు మూసుకపోతయ్, ఇగ పిల్లలు కారు."

బీరు బంద్ దగ్గరే నాకు కళ్ళజోడు పెట్టె గుర్తొచ్చింది. నడుం నొప్పి దగ్గర సూట్‌కేసు గుర్తొచ్చింది. బావ కోసం చూశాను. వెనక నీళ్ళ కుళాయి దగ్గర నిలబడి గ్లాసు నింపుతున్నాడు. గ్లాసు నిండి నీళ్ళు పొర్లుతున్నా కుళాయి కట్టెయ్యలేదు.

తిరిగి వచ్చేటప్పుడు రైల్లో బావ కాలర్ పట్టుకుని, అందరూ చూస్తుండగా చెంప పగలగొట్టానని సాహితికి చెప్పాను. అదీ అబద్ధమే. రైలు క్రాంజి స్టేషను దాటింది. తర్వాత చాలా మెల్లగా అడిగాను.

"బావా, ఆ మాత్రలు గ్యాసుకేనా?"

ఆయన కిటికీలోంచి చూస్తున్నాడు. "తెలిసిందిగా. ఇంకా అడుగుతావేంది?"

"సెలవుకెళ్ళేటప్పుడు నీకు తెలుసా?"

"ఒట్టు. వేడే అనుకున్నా. వచ్చాక మళ్ళీ మొదలైతే అప్పుడు చూపించుకున్నా."

"మరి అక్కకి మందు పంపకుండా బార్లీ ఎందుకు పంపావు?"

"మందు పంపితే ఎందుకని అడుగుద్ది. బార్లీ అయితే అడగదు."

అంతే అన్నాడు. ఇద్దరం యూ టీలో దిగాం. ఆయన దారిలో వంకాయలు ఏరి ఏరి కొన్నాడు. ఇంటికొచ్చి వండాడు. ఎప్పటిలాగే ముందు నా కంచంలో పెట్టాడు. నేను తిన్నాను. గేలాంగ్ సానికొంపల సందుల్లోకి ఆయన వెళ్ళడం కాదు నన్ను కోసింది, ఒంటరి మగవాళ్ళ ఊళ్ళో అవి నాకు కొత్త కాదు. తెలియక చేసినదాన్ని కూడా మింగగలిగాను. కానీ తెలిశాక, లెక్కగా ఆలోచించి, మా అక్క నోరు మూయించే పొట్లాన్ని నా చేతికే ఇచ్చి నాచేతే మోయించాడే, అది ఈ రోజుకీ అరగలేదు. టై ముడి వెయ్యడం నేర్పిన చేతులే పెట్టెలో ఆ పొట్లాలు సర్దాయి. నన్ను ఎవరైనా అంత ప్రేమగా మోసం చేశారా అంటే, అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

మర్నాడు షమీమ్ ఆంటీ ఇంటికి వెళ్ళి అక్కకి ఫోను చేశాను. "అక్కా, నీకు వేడి కాదు" అన్నాను. ఆ తర్వాత ఏం చెప్పాలో మాట దొరకలేదు. కాకి అన్న మాట ఉంది, వేడి అన్న మాట ఉంది, వాటి వెనకాల ఉన్నదానికి మా ఇంట్లో ఎవరూ పేరు పెట్టలేదు. ఆంటీ నా చేతిలోంచి ఫోను అందుకుని, "నేను మీ తమ్మునికి అక్క లెక్క, సిగ్గుపడకు" అని మొదలుపెట్టి మొత్తం చెప్పింది. అక్క మందులు వాడింది. నొప్పి తగ్గింది. పిల్లలు మాత్రం కలగలేదు. బావతో కాపురం ఆయన పోయేదాకా చేసింది. వాళ్ళ మధ్య ఏ మాటలు నడిచాయో నేను అడగలేదు.

ఇప్పుడు మా అమ్మాయి స్లైడుల మీద బొమ్మలున్నాయి, బాణాలున్నాయి, అన్నిటికీ పేర్లున్నాయి. ఏ ఇంట్లో ఏ మాట నడుస్తుందో పిల్లల్నే అడిగి తెలుసుకుని, ఆ మాటతోనే మొదలుపెడతానంటోంది, షమీమ్ ఆంటీ ఎవరో దానికి తెలియకపోయినా. హాకర్ సెంటర్‌లో బార్లీ ఇంకా అమ్ముతున్నారు. మొన్న సాహితి మా ముగ్గురికీ తెచ్చింది. నేను పక్కకు నెట్టేశాను. అక్క గ్లాసంతా తాగేసింది.

ఇంతవరకూ రాసి అక్కకి చదివి వినిపించాను. తన గురించి కదా, అడగకుండా అచ్చులో పెట్టకూడదనుకున్నాను. ప్రేమగా మోసం అన్నచోట ఆగి, ఆ వాక్యం రెండోసారి చదివాను కూడా. ఆవిడ ఆ రోజూ చిక్కుళ్ళు తుంచుతూ, తల ఎత్తకుండా చివరిదాకా విన్నది.

"అయిందా?"

"అయింది. ఎలా ఉంది?"

"బాగానే ఏడిచావు. ఆ షమీమ్ ఫోను చేసేనాటికి నాకు కొత్తగా తెలిసిందేం లేదురా. మీ బావ సెలవయి వెళ్ళిన నెలకే లేడీ డాక్టరు చూసి చెప్పింది, ఇది అంటుకున్న జబ్బు, ఇద్దరూ మందులు వాడాలి, మీ ఆయనకి కబురు చెయ్యమ్మా అని. ఇంటికొచ్చి అమ్మకి చెప్పా."

"అమ్మకి తెలుసా?"

"తెలీకేం. నోరు ముయ్యి అంది. తమ్ముడు అక్కడ అతని నీడన ఉన్నాడు, వాడు కుదురుకునేదాకా ఈ మాట గడప దాటకూడదంది. మందులు కొననివ్వలా. మళ్ళీ ఆ డాక్టరు దగ్గరికి పోనివ్వలా, ఆ షమీమ్ ఫోను వచ్చి నీకూ తెలిసిందని తేలేదాకా."

నేను కాగితాలు బల్ల మీద పెట్టాను. "మరి బార్లీ ఎందుకు తాగావే?"

"బూట్లు చేత పట్టుకుని మోసుకొచ్చానని అంత సంబరంగా చెప్తివి. నీ మొహాన కొట్టమంటావా?" చివరి చిక్కుడుకాయ తుంచి గిన్నెలో పడేసింది. "మోసపోయా మోసపోయా అని రాసుకున్నావే, అది కొట్టెయ్. మోసపోయింది నేను. నువ్వు ఉద్యోగంలో కుదురుకున్నావు."